అత్తగారి తోకకు ఎర్ర రిబ్బను

మార్చి 9, ఆదివారం

ఈ ఉదయం అత్తగారి తోకకు ఎర్ర రిబ్బను కట్టాను. కదలకుండా నిలబడి కట్టించుకుంది.

రిబ్బను మా ఆవిడ జీను పెట్టెలో అడుగున దొరికింది. అత్తగారిని కొనకముందు ఆవిడకు ఇంకో గుర్రం ఉండేది. వెనక్కి ఏది వచ్చినా తన్నేది. దగ్గరికి రావద్దని గుర్తుగా దాని తోకకు కట్టడానికి కొన్న రిబ్బను. అత్తగారు ఇంతవరకూ ఎవరినీ తన్నలేదు. ఈగ వాలితే కాలు నెమ్మదిగా ఎత్తి, నెమ్మదిగా దించుతుంది.

లాయానికి వచ్చిన మొదటి రోజు తొట్టిలో నీళ్ళు వాసన చూసి, మూతి తిప్పుకుందట. "అచ్చం మీ అమ్మే" అంది ఆవిడ. ఆ పేరే నిలిచిపోయింది. అమ్మకు చెబితే కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఇప్పుడు అమ్మ లేదు, ఆవిడ లేదు. అత్తగారు ఉంది. అద్దె గుర్రం మానేసి దీన్నే ఎక్కుతున్నాను.

ఆదివారం సవారీకి కెప్టెన్ గారు పెద్ద. ఆమె నిజంగా సైన్యంలో పనిచేశారో లేదో ఎవరికీ తెలియదు. ఆ గొంతు విన్నాక ఎవరూ అడగరు. రిబ్బను చూసి ఆగారు.

"ఏమిటండీ అది? తన్నిందా?"

"తన్నేలా ఉంది."

అబద్ధం కాదు. ఏ గుర్రమైనా తన్నేలానే ఉంటుంది.

"పాపం, దానికీ బెంగేమో. అయితే వరుసలో ఆఖరికి వెళ్ళండి. ముందు గుర్రానికీ మీకూ మధ్య రెండు గుర్రాలు పట్టేంత జాగా ఉండాలి. ఈయన పక్కకి ఎవరూ రాకండి, విన్నారా!"

అందరూ విన్నారు. కాలువ అవతలి ఒడ్డున బట్టలు ఆరేస్తున్నవాళ్ళు కూడా విన్నారు.

పోయిన ఆదివారం పళ్ళ డాక్టరు తన ముసలి గుర్రాన్ని రికాబుకు రికాబు తగిలేలా నా పక్కకు తెచ్చి, "ధైర్యంగా ఉండాలి" అని చెయ్యి పట్టుకున్నాడు. మంచివాడు. రంపపు మిల్లు దగ్గర పట్టుకున్న చెయ్యి కాలువ గట్టు దాకా వదల్లేదు. నా దవడ పన్ను పీకినప్పుడు కూడా అంతసేపు పట్టుకోలేదు.

ఇవాళ ఆఖరున ఒక్కణ్ణే. ముందు గుర్రాల తోకలు, గడ్డి వాసన, జీను కిర్రుమనే చప్పుడు. బాగుంది. ఎవరికీ నష్టం లేదు.

మార్చి 11, మంగళవారం

ఆఫీసు. పటం మీద కొత్త రోడ్డు గీస్తున్నాను. నేను గదిలోకి వస్తే అందరూ గొంతు తగ్గిస్తున్నారు. టీ ఇచ్చే అతను కూడా కప్పు చప్పుడవకుండా పెడుతున్నాడు. పసిపిల్లాడు నిద్రపోతున్న ఇల్లులా ఉంది ఆఫీసు.

అక్కడ కట్టుకోవడానికి రిబ్బను లేదు.

మార్చి 16, ఆదివారం

ఎర్ర రిబ్బన్లు రెండయ్యాయి గుంపులో. ఒకటి మాది, ఇంకోటి రొట్టెల ఆయన గుర్రం నల్లోడిది. నల్లోడు నిజంగానే తన్నుతాడు. అందుకని నాకు ముందు రొట్టెల ఆయన, అతనికి ముందు మిగతావాళ్ళు. అతనిదీ నాదీ ఒకటే స్వభావం. దారి పొడుగునా ఒక్క మాట అనడు. రాత్రంతా పొయ్యి దగ్గర నిలబడి, తెల్లారాక రొట్టెలు సర్ది, ఆదివారం నిద్ర మానేసి గుర్రమెక్కుతాడు. మీసాలకు పిండి అలాగే ఉంటుంది.

రిబ్బనుతో ఒక చిక్కు వచ్చింది. డాక్టరు పక్కకు రాలేడు కదా, అందుకని అక్కణ్ణుంచే అరుస్తున్నాడు.

"ఏమండోయ్! రాత్రి నిద్ర పడుతోందా!"

"పడుతోంది."

"ఆఁ?"

"పడుతోంది!"

"పడుతోందిట!" అని ముందున్నవాళ్ళకు చెప్పాడు.

పరామర్శ నెమ్మదిగా ఉంటే బాధ, గట్టిగా ఉంటే నవ్వు. ఈ సంగతి ఇంతకుముందు తెలియదు.

డాక్టరు గుర్రం పేరు వియ్యంకుడు. అది కూడా ఆవిడ పెట్టిందే. అత్తగారు, వియ్యంకుడు మేతకు వదిలితే ఒకేచోట మేస్తాయి, ఒకదాని మెడ మీద ఒకటి గడ్డం ఆనించుకుని నిలబడతాయి. ఇవాళ దారిలో అత్తగారు దాన్ని చూసి రెండుసార్లు సకిలించింది. వెనక ఉండటం దానికింకా అలవాటు కాలేదు. అవుతుంది.

గేటు వేసే పని ఆఖరివాడిదే కాబట్టి నాదే. ముందు కూడా నాదే. అద్దె గుర్రం మీద నేనెప్పుడూ వెనకే కదా. దిగాలి, గేటు మూయాలి, గొళ్ళెం పెట్టాలి, ఎక్కాలి. ఎక్కేదాకా గుంపులో ఎవరూ అడుగు కదపకూడదు. గుంపు కదిలిందా, వెనక మిగిలిన గుర్రం ఆగదు. మనిషి ఒక కాలు రికాబులో, ఒక కాలు నేల మీద. అందుకే అందరూ గుర్రాల్ని వెనక్కి తిప్పి గేటు వైపు ముఖం పెట్టి నిలబడతారు.

ఆవిడ దారి పక్కన నరికిన చెట్టు మొద్దు దగ్గర నిలబడేది. "తాపీగా ఎక్కండి. గుర్రం ముసలిదయ్యేలోగా ఎక్కితే చాలు" అనేది.

మొద్దు దగ్గర ఇప్పుడు ఎవరూ నిలబడటం లేదు. ఎవరూ అనుకుని చేసింది కాదు.

మార్చి 19, బుధవారం

మరదలు ఫోను.

"అత్తగారు తన్నడమేంటి బావా? మా వాడు దాని కాళ్ళ మధ్యనుంచి బంతి తెచ్చుకున్నాడు కదా!"

"వయసు మీద పడుతోంది."

"ఎవరికి?"

లైను సరిగా లేదన్నాను. బాగానే ఉంది.

మార్చి 23, ఆదివారం

గుంపులోకి కొత్త మనిషి. ఉత్తరాలు పంచే అమ్మాయి. సైకిలు మీద ఊరంతా తిరిగే మనిషి కాబట్టి కాళ్ళు గట్టివి, భయం తక్కువ, నోరు ఎక్కువ. అద్దె గుర్రం ఎక్కింది. కెప్టెన్ గారు ఆమెను కంచె పక్కన నిలబెట్టి మొదలుపెట్టారు. నేను అత్తగారి పొట్ట పట్టీ బిగిస్తూ విన్నాను. ఎన్నిసార్లు విన్నా బాగుంటుంది.

"ముందు గుర్రం గిట్టలు నీ గుర్రం చెవుల మధ్యలోంచి కనిపించాలి. కనపడలేదంటే మరీ దగ్గరికి పోయావన్నమాట. అర్థమైందా?"

"అయింది."

"దాటి వెళ్ళాలంటే ముందు అడుగు. అడిగాక సరే అనేదాకా ఆగు. దౌడు తీసేముందు చెయ్యెత్తి చెప్పు. నీకు హుషారొచ్చిందని అందరికీ రాదు. ఆగేటప్పుడూ చెప్పు. గోతులు కనిపిస్తే వెనకవాళ్ళకి చెప్పు."

"అంటే ఊరికే చెబుతూనే ఉండాలి."

"నీకు కష్టమా?"

అందరం నవ్వాం. ఆ అమ్మాయి కూడా.

"తోకకి ఎర్ర రిబ్బనుంటే ఆ గుర్రం తన్నుతుంది. దాని వెనక్కి పోవద్దు, పక్కకి పోవద్దు. మనిషికి తగిలేలా తన్నిన గుర్రానికి మన గుంపులో చోటు లేదు. అది ఎవరిదైనా సరే."

"మరి ఆ పెద్దాయన గుర్రం?" అంది నన్ను చూపించి. "చూడ్డానికి ఆవులా ఉంది."

"చూపుల్ని నమ్మకు. రిబ్బన్ని నమ్ము."

పొట్ట పట్టీ ఇంకో రంధ్రం బిగించాను. అత్తగారు తల తిప్పి నా వంక చూసింది.

వాతావరణం బాగుంది. కాలువ గట్టు మీద నేల మెత్తగా ఉంది, గిట్టల చప్పుడు లేదు.

మార్చి 26, బుధవారం

ఆఫీసు నుంచి తిన్నగా లాయానికి. వెనక గిట్టల్లో మట్టి గట్టిపడింది. పీట వేసుకుని అత్తగారి వెనక కూర్చుని, గిట్ట ఒళ్ళో పెట్టుకుని కొక్కెంతో తీస్తున్నాను. అది బరువంతా నా మీద వేసి కునుకు తీస్తోంది. ఆవిడ కూడా టీవీ ముందు ఇలాగే.

పోస్టమ్మాయి ఎప్పుడొచ్చిందో తలుపు దగ్గర నిలబడి ఉంది.

"బాబాయ్ గారూ, భయం లేదా?"

"నాకు అలవాటే."

"నేను ముట్టుకోనా?"

వద్దనాలి. అనలేదు. ఆ అమ్మాయి చెయ్యి అత్తగారి వెనక భాగం మీద వేసి, తోక దాకా రాసింది. అత్తగారు పెద్దగా నిట్టూర్చింది, కింది పెదవి వేలాడింది.

"ఇది తన్నుతుందా!" అని నవ్వింది. "రిబ్బను మాత్రం బాగుంది బాబాయ్. ఎరుపు దీనికి నప్పింది."

అవునన్నాను.

కాసేపు కూర్చుని మాట్లాడింది. ఊళ్ళో ఏ కుక్క ఏ గేటు దగ్గర కాపు కాస్తుందో అన్నీ చెప్పింది. గొంతు తగ్గించి మాట్లాడలేదు. ఆవిడ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. హాయిగా గడిచింది.

మార్చి 30, ఆదివారం

నల్లోడు తన్నాడు.

మిల్లు వెనక సన్నదారిలో. పోస్టమ్మాయి ముందు ఎక్కడో ఉండాలి. గుర్రాన్ని వెనక్కి తిప్పి, ఒక్కో గుర్రాన్నీ దాటుకుంటూ వస్తోంది. రొట్టెల ఆయన "అమ్మాయ్, ఆగు" అన్నాడు. అతని గొంతు ఎప్పుడూ వినని గొంతు, అందుకే ఎవరికీ వినపడలేదు. నల్లోడు చెవులు వెనక్కి వాల్చాడు. నాకు కనిపించింది. నేను నోరు తెరిచేలోపే అయిపోయింది. గిట్ట రికాబు ఇనుముకు తగిలి, జారి, ఆ అమ్మాయి కాలికి తగిలింది.

ఎముక విరగలేదు. డాక్టరు దిగి చూశాడు. ("నేను పళ్ళ డాక్టర్నమ్మా, అయినా చూస్తా.") మోకాలి కింద ఇంత వాపు.

కెప్టెన్ గారు అడిగారు: "రిబ్బను కనపళ్ళేదా?"

"కనపడిందండీ."

"మరి?"

"బాబాయ్ గారి గుర్రానికీ ఉందిగా రిబ్బను. అదేం చెయ్యదుగా. ఇదీ అంతే అనుకున్నా." ఏడుస్తూనే నా వైపు చూసింది. "మీ దగ్గరికే వస్తున్నా బాబాయ్. కబుర్లు చెబుదామని."

కెప్టెన్ గారు నల్లోడి దగ్గరికి నడిచి వెళ్ళారు. దాని మెడ నిమిరారు. రొట్టెల ఆయనతో ఏదో అన్నారు. అతను తలూపాడు. అక్కణ్ణుంచే దిగి, గుర్రాన్ని నడిపించుకుంటూ ఇంటిదారి పట్టాడు. వచ్చే ఆదివారం నుంచి రాడు.

నియమం నియమమే. నల్లోడు నిజంగా తన్నే గుర్రమే కదా.

మార్చి 31, సోమవారం

వాన. ఆఫీసు. ఆ అమ్మాయి కాలు బాగానే ఉందట, పక్క వీధికి ఉత్తరాలు తెచ్చిందట. నల్లోడిది మొదట్నుంచీ అదే బుద్ధి.

ఏప్రిల్ 1, మంగళవారం

వాన. నల్లోడిది మొదట్నుంచీ అదే బుద్ధి.

ఏప్రిల్ 2, బుధవారం

రొట్టె కొనడానికి వెళ్ళాను. ఇంట్లో రొట్టె ఉంది.

దుకాణంలో పొయ్యి వేడి, మాడిన పంచదార వాసన. అతను ట్రేలు తోముతున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుని, పెద్దది తీసి కాగితంలో చుట్టాడు. గోడకు కొక్కెం. దానికి నల్లోడి కళ్ళెం. ముందు అక్కడ ఉండేది కాదు.

"ఇక ఆదివారం కూడా దుకాణం తెరుద్దామనుకుంటున్నానండీ" అన్నాడు. "ఖాళీగా కూర్చుని ఏం చెయ్యను."

"నల్లోడు?"

"ఎవరైనా తీసుకుంటే ఇచ్చేస్తా. ఒంటరిగా తిప్పితే ఇంకా చెడిపోతాడు. నలుగురితో ఉంటేనే కాస్త కుదురుగా ఉండేవాడు." ట్రే మళ్ళీ తీసుకున్నాడు. "మొదట్లో రిబ్బను కట్టాలంటే సిగ్గేసిందండీ నాకు. గుర్రానికి మచ్చ పెట్టినట్టు. మీ ఆవిడే కట్టించారు. సిగ్గేంటి తమ్ముడూ, దాని సంగతి ముందే చెప్పేస్తే అది హాయిగా ఉంటుంది, నువ్వూ హాయిగా ఉంటావు అన్నారు. చిత్రంగా, నిజంగానే అలాగే అయింది, మొన్నటిదాకా."

నాకీ సంగతి తెలియదు. ఆవిడ చెప్పలేదు.

రొట్టె తీసుకున్నాను. తలుపు దాకా వచ్చాను.

"ఒక్క మాటండీ. మీది రిబ్బను కట్టాక ఒక్కసారి కూడా తన్నలేదు. ఏం చేస్తున్నారు? చెబితే నేనూ చేస్తా. ఇంకొక్క అవకాశం ఇమ్మని కెప్టెన్ గారినడుగుతా."

రేపు మాట్లాడదామన్నాను. ఆఫీసుకు ఆలస్యమవుతోందన్నాను. అప్పటికి ఆఫీసు మూసేశారు.

ఏప్రిల్ 3, గురువారం

గీసిన రోడ్డు తప్పు. చెరిపాను.

ఏప్రిల్ 5, శనివారం

మరదలికి నేనే ఫోను చేశాను. రిబ్బను సంగతి అంతా చెప్పాను. అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"అక్క ఉంటే ఏమనేదో తెలుసా బావా?"

"తెలుసు."

"ఏమనేది?"

"గుర్రానికెందుకు, మీరే కట్టుకోకపోయారా అనేది."

అప్పుడు ఏడ్చింది. నేను ఫోను పట్టుకుని కూర్చున్నాను. తర్వాత అడిగింది, "రేపు ఏం చేస్తావ్?"

"విప్పుతాను."

"ఊరికే విప్పితే ఎలా? అందరి ముందూ చెప్పు."

అదీ చూద్దామన్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

పెందలాడే వెళ్ళాను. రొట్టెల ఆయన దుకాణం తెరుస్తున్నాడు. "నల్లోడికి జీను వెయ్యండి, లాయానికి రండి" అన్నాను. ఎందుకని అడిగాడు. రండి అన్నాను. నా గొంతు కొంచెం పెద్దదైనట్టుంది. వచ్చాడు.

అందరూ ఎక్కేముందు అత్తగారి తోక రిబ్బను విప్పి కెప్టెన్ గారి చేతిలో పెట్టాను. పోస్టమ్మాయి కుంటుతూ వచ్చి కంచె మీద కూర్చుంది. ఇవాళ ఎక్కదు, చూడటానికి వచ్చింది.

"ఇది తన్నదు" అన్నాను. "ఎప్పుడూ తన్నలేదు. ఎవరూ పక్కకు రాకూడదని కట్టాను."

వియ్యంకుడు ముక్కు చీదింది.

కెప్టెన్ గారు రిబ్బను వంక చూశారు, నా వంక చూశారు. నెమ్మదిగా ఏదో అంటారనుకున్నాను. అందరూ అలాగే కదా ఈ మధ్య.

"బుద్ధుందా మీకు?"

లాయం కప్పు మీద పావురాలు లేచిపోయాయి.

"చదువుకున్నారు, పటాలు గీస్తారు! మీ పటంలో గొయ్యి లేని చోట ఉందని గుర్తు పెడతారా? పెడితే రేపు నిజం గొయ్యి దగ్గర ఎవడు ఆగుతాడు? రిబ్బనంటే ఏమిటనుకున్నారు, జడకి కట్టుకునేదా? ఒంటరిగా ఉండాలనుంటే నోరు లేదా? 'ఇవాళ నాతో మాట్లాడకండి' అంటే ఎవరు కాదంటారు? ఈ పిల్ల కాలికి తగిలిన దెబ్బ నల్లోడిది కాదు. మీది! విన్నారా?"

"విన్నాను."

"గట్టిగా!"

"విన్నాను!"

"ఆవిడుంటే చెవి మెలేసేది మీకు."

"అవునండీ."

ఇంకా చాలా తిట్టారు. అన్నీ రాయను. ఆవిడ పోయాక నా మీద గొంతెత్తిన మొదటి మనిషి. తలొంచుకుని నిలబడ్డాను. ముఖంలో ఏం కనిపించిందో కానీ, "నవ్వొస్తోందా?" అని మళ్ళీ మొదలుపెట్టారు. నవ్వు కాదు. దగ్గరదగ్గర అలాంటిదే.

పోస్టమ్మాయి దగ్గరికి వెళ్ళాను. కంచె పట్టుకుని నిలబడ్డాను.

"కబుర్లు చెబుతానంటే వద్దనొచ్చుగా బాబాయ్" అంది.

"వద్దనిపించలేదు."

"మరింకేం" అని, కాలు చూపించింది. వాపు పచ్చబడింది. "మీకు రుణపడి ఉన్నా అనుకోండి. వారం రోజులుగా నా సైకిలు మా తమ్ముడు తొక్కుతున్నాడు, నేను వెనక కూర్చుంటున్నా."

కెప్టెన్ గారి తీర్పు: నల్లోడు గుంపులోనే ఉంటాడు, ఆఖరున, రిబ్బనుతో. నేను మధ్యలో, డాక్టరు పక్కన. "అదే మీకు శిక్ష" అన్నారు. "ఇదేం మాటండీ!" అన్నాడు డాక్టరు.

నల్లోడి పాత రిబ్బను పీలికలైంది. కెప్టెన్ గారి దగ్గర తీసుకుని, ఆవిడ రిబ్బను వాడికి కట్టాను. వాడి వెనక కాలికి దూరంగా, పక్కనుంచి, వాడితో మాట్లాడుతూ. రొట్టెల ఆయన నల్లోడి తల కదలకుండా పట్టుకున్నాడు. "మరి మీ రహస్యం ఇదాండీ" అన్నాడు. అంత పొడుగు నవ్వు అతని దగ్గర ఉందని నాకు తెలియదు.

బయలుదేరాం. అత్తగారు రెండడుగుల్లో వియ్యంకుడి మెడ పక్కకు చేరిపోయింది, పుట్టింటికి వచ్చినట్టు. రికాబుకు రికాబు తగిలింది.

"ఏమండోయ్! ఈ వారం ఎలా ఉన్నారు!" అని అరిచాడు డాక్టరు.

"పక్కనే ఉన్నాను డాక్టరు గారూ."

"ఓ." కళ్ళెం సర్దుకున్నాడు. మామూలు గొంతుతో అడిగాడు, "ఆవిడకి ఈ దారంటే ఇష్టం కదండీ?"

"లేదు. దోమలని తిట్టేది. నాకిష్టమని వచ్చేది."

ఇది ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. మిల్లు దగ్గర్నుంచి కాలువ దాకా ఆవిడ గురించే మాట్లాడాను. ఆయన చెయ్యి పట్టుకోలేదు.

గేటు దగ్గర రొట్టెల ఆయన దిగాడు. మూశాడు, గొళ్ళెం పెట్టాడు. నల్లోడు గిరగిరా తిరుగుతున్నాడు. అతనికి కాలు అందడం లేదు. అందరం గుర్రాల్ని వెనక్కి తిప్పాం. ఎవరూ కదల్లేదు.

"తాపీగా ఎక్కు తమ్ముడూ" అన్నాను. "గుర్రం ముసలిదయ్యేలోగా ఎక్కితే చాలు."

మొద్దు దగ్గర నిలబడ్డాను. అక్కణ్ణుంచి గేటు బాగా కనిపిస్తుంది.